పర్వా విమానం

మా నాందేడ్ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద సుమారు రెండు వందల ఎనభై కిలోమీటర్లు. కారులో ఆరు గంటలు. హైదరాబాదులో ఉండే నా బామ్మర్ది వినాయక్, నడుముకు ఆపరేషన్ అయినప్పటి నుంచి, అంతసేపు కూర్చోలేనని చెప్పేవాడు. నా భార్య సుశీలకు జబ్బు ముదిరిన ఏడాదంతా ఆ ఆరు గంటలే అడ్డం నిలిచాయి. ఆమె కోరింది ఒక్కటే, తమ్ముణ్ణి ఒకసారి చూడాలని. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే.

విమానంలో గంటేనని తెలిసి ఆమెకు చెప్పాను.

"గంటనా? పప్పు ఉడికే లోపల్నే అస్తడన్నట్టు," అని నవ్వింది.

ఆ సోమవారమే ఆమెను దవాఖానా నుంచి తెచ్చుకున్నాం. ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మన్నారు. మా గల్లీ భోజన్న తన ఆటోలో, ప్రతి గుంత దగ్గరా ఆగి ఆగి తెచ్చాడు. బుధవారం వినాయక్‌కు ఫోన్ చేసి గంట ప్రయాణం సంగతి చెప్పాను.

"విమానంల... పర్వా, బావా," అన్నాడు.

పర్వా మరాఠీ మాట. మా ఇళ్లలో తెలుగులో కలిసిపోయింది. మొన్న అన్నా అదే, ఎల్లుండి అన్నా అదే. వాడి మాట పూర్తి కానివ్వకుండా నేనే అందుకున్నాను.

"ఎల్లుండే అస్తవా? మీ అక్కకు ఇంక ఏం గావాలె."

"ఆఁ," అన్నాడు.

శుక్రవారం సుశీల తల దువ్వించుకుని ఆకుపచ్చ చీర కట్టించుకుంది. మంచం వాకిలి వైపు తిప్పమంది. పొద్దు గూకినా వాడు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. వాడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పాను.

"పర్వా రెండు దిక్కులు పోతది గదా," అంది మెల్లగా. నేను మళ్లీ ఫోన్ చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

తర్వాత తొమ్మిది రోజులకు పోయింది. పదో రోజు కర్మకు వినాయక్ నడుముకు బెల్టు పెట్టుకుని వచ్చాడు. ఏడుస్తుంటే నేనే వాడి వీపు నిమిరాను.

మొన్న సంవత్సరీకం సామానుకు బజారుకు పోతుంటే, భోజన్న ఆటో నడుపుతూ చెప్పాడు.

"అమ్మను తెచ్చిన నాడే సార్, మీ బామ్మర్దిని ఏర్‌పోర్టు కాడ ఎక్కించుకున్న. మర్ఖేల్ల తన చేను జూసి, మల్ల అక్కింటికి పోత అన్నడు. బస్టాండుల దేగ్లూర్ బస్సు కాడ దించిన. నడుం బాగలేదాయె, ఆయినను గుడ గుంతలు తప్పించుకుంట తోలిన. అమ్మ సంబురపడ్డదా సార్, తమ్ముణ్ణి జూసి?"

ఆటో అక్కడే ఆపించి దిగిపోయాను. దేగ్లూర్ దారిలో మర్ఖేల్‌కు బస్సులో రెండు గంటల పైనే. ఆ నడుము చేను దాకా పోయి వచ్చింది. బస్టాండు నుంచి మా ఇల్లు పది నిమిషాలు.

ఇంటికొచ్చి వినాయక్‌కు ఫోన్ చేశాను. సోమవారం వచ్చావా అని అడిగాను.

"చెప్పబోయిన బావా. నువ్వే ఎల్లుండి అన్నవ్."

"ఆఁ అన్నది ఎవరు?"

"అక్కను గట్ల జూసే ధైర్యం గాలే."

ఫోన్ పెట్టేశాను. వాడి పర్వా అంటే మొన్న అని నాకు ఏడాది తర్వాత తెలిసింది, సుశీలకు ఆ శుక్రవారం సాయంత్రమే తెలిసింది. నాకు మాత్రం తెలియనివ్వలేదు.

మర్నాడు పొద్దున భోజన్న గల్లీలో ఆటో తుడుచుకుంటున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"సంబురపడ్డది, భోజన్నా," అన్నాను.