ఎంటర్ మీద స్టేప్లర్

అయినా స్టేప్లర్ బరువెంతని, దాన్ని ఎంటర్ కీ మీద పెట్టి టీకి వెళ్లడం ఈ జనన మరణాల సెక్షన్లో అందరూ చేసేదే, యంత్రమే అన్నీ పోల్చి పెడుతుంది, నువ్వు ఊఁ కొట్టడమే పని అని మొదటిరోజే నేర్పింది సీనియరే కదా, అనుకుంటూ గుమస్తా తెరవంక చూసింది, మరణించారు అని ఉంది, అద్దానికి అవతల ఆ మరణించినావిడే కూర్చుని మెడ తుడుచుకుంటోంది, నేనేనమ్మా, నిక్షేపంలా బతికే ఉన్నా, కావాలంటే గిల్లి చూడు, అని నవ్వుతోంది కూడా, పక్కన కూతురు మాత్రం నవ్వడం లేదు, నాలుగింటికి అమ్మకి గుండె ఆపరేషన్ మేడమ్, ఆస్పత్రిలో వేలిముద్ర వేస్తే చనిపోయినట్టు చూపిస్తోంది, సరిచేయించుకు రమ్మన్నారు, గడియారంలో రెండూ పది, నిజానికి పోయింది ఈవిడ తోడికోడలు, ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా, యంత్రంలోని ఏఐ తేల్చుకోలేక, రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, వీళ్లిద్దరూ ఒకరేనా అని అడిగింది, చూసుంటే చంటిపిల్ల కూడా కాదనేది, చూసిందెవరు, స్టేప్లర్.

చెరిపేద్దామంటే ఇదేమన్నా పాత రిజిస్టరా, బ్లాక్‌చెయిన్, పదిహేడు ఆఫీసుల్లో ఒకేసారి ఎక్కి కూర్చుంటుంది, కింద ఇంకో వరుస చేర్చి పైది తప్పని చెప్పుకోవడమొక్కటే దారి, ఆ వరుసకి కారణం కావాలి, రెండే గడులు, యంత్రం పొరపాటు, సిబ్బంది పొరపాటు, మొదటిది నొక్కితే కమిటీకి వెళ్తుంది, ఇరవై రోజులు, ఎవరికీ ఏమీ కాదు, ఈ పెద్దావిడకి తప్ప, రెండోది నొక్కితే ఈ క్షణమే బతుకుతుంది, కానీ పక్కన తన పేరు, తన మాటల్లో తన నిర్వాకం, ఎప్పటికీ, ఎవరైనా చదువుకోవచ్చు, వచ్చే నెలే ప్రమోషన్ జాబితా, ఛీ ఛీ, ఇప్పుడా అది గుర్తుకొచ్చేది, వెనకనుంచి సీనియర్ వంగి, పిచ్చిదానా, మొదటిది కొట్టు, యంత్రానికేమన్నా పిల్లాపీచూ ఉన్నాయా, అని గొణిగింది, కూతురు అద్దం మీద చెయ్యి ఆనించి, మేడమ్, రెండున్నర అయింది, అంది, పెద్దావిడ మాత్రం, దాన్ని తొందరపెట్టకే అని కూతురికి చెప్పి, ముందు కాసిని నీళ్లు తాగు తల్లీ, ముఖం పాలిపోయింది, అంటోంది, ఎవరికి ఎవరు ధైర్యం చెప్పాలి భగవంతుడా.

రెండు ఫొటోలూ తెరిచి మొదటిసారి చూసింది, ఈవిడ చెంపమీద శనగగింజంత పుట్టుమచ్చ, ఆవిడకి లేదు, అంతే తేడా, అంత తేడా, రెండో గడి నొక్కి, కీ మీద స్టేప్లర్ పెట్టి వెళ్లాను, ఫొటోలు చూడలేదు, అని కొట్టి, ఎంటర్‌ని తన వేలితోనే నొక్కింది, సజీవులు అని పడగానే కూతురు తల్లి చెయ్యిపట్టుకుని గుమ్మంవైపు పరుగులాంటి నడక నడిచింది, సీనియర్ తల కొట్టుకుంటోంది, కొట్టుకోనీ, యంత్రం తెలిసినట్టు నటించలేదే, తెలియకే అడిగింది, మనిషినే అడిగింది, అడిగినప్పుడు ఈ కుర్చీలో మనిషి లేదు.