పన్నెండో కొబ్బరికాయ

పలాస జీడిపప్పు వ్యాపారులకి యాప్ నడిపే ఆఫీసు మా మేడమీదే ఉంది. మార్పులన్నీ పోగేసి, నెలకోసారి ముహూర్తం చూసి, నా తోట కొబ్బరికాయ కొట్టి ఒకేసారి యాప్‌లోకి వదిలేవారు. పోయిన నెల అలా వదిలితే యాప్ రోజంతా పడుకుంది. మళ్లీ పడుకుంటే వ్యాపారులు వేరే యాప్‌కి పోతారని ఆఫీసు పెద్ద ఉమాశంకర్‌కి బెంగ.

పడుకోకుండా వదలడం నేర్పడానికి విశాఖ నుంచి జాహ్నవి వచ్చింది. “యాప్‌ని చిన్న ముక్కలుగానే కట్టారు కదా, ఏ ముక్క సిద్ధమైతే దాన్ని అప్పుడే వదలండి” అంది.

సాయంత్రానికి ఉమాశంకర్ పదకొండు ముక్కలు వదిలాడు, పదకొండు కాయలు కొట్టాడు. ఆ నీళ్లకి మెట్లమీద చేపలు ఈదాయి, నేనే చూశాను.

పన్నెండోదానికి కాయ లేదు.

“తాతా, ఇంకొక్కటి తెత్తావేటి?” అని నన్నడిగాడు.

“సెట్టెక్కి నువ్వే కోసుకోరా. నా మోకాళ్లు సెలవెట్టీసినాయి.”

కాయ లేకుండానే వదిలాడు. యాప్‌లో తూకాల పేజీ తెల్లబోయింది, అతని ముఖమూ తెల్లబోయింది. జాహ్నవి చెప్పినట్టు ఆ ఒక్క ముక్కనే వెనక్కి తీశాడు. రెండు నిమిషాలు పట్టింది. మిగతావన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఒక్క వ్యాపారీ ఫోన్ చెయ్యలేదు.

“సూసినావా, కాయ కొట్టకపోతే ఏటైనాదో!” అన్నాను.

“సూసినాను తాతా. ఎవులికీ తెలీనేదు. రేపట్నించి కాయలొద్దు.”