కుప్పయ్య దిద్దిన ప్రూఫులు

జబ్బు చేసి బతికి బయటపడ్డ మనిషికి మా చిత్తూరులో రెండు శిక్షలు వేస్తారు. ఒకటి, కనిపించిన ప్రతివాళ్లకీ జబ్బు కథ మొదటినుంచి చెప్పడం. రెండు, వాళ్లకు స్ఫూర్తిగా నిలబడడం. మొదటిది ఎలాగో భరించాను. రెండోది మా బావగారు కృష్ణమూర్తి తెచ్చి నా నెత్తిన పెట్టారు.

నా పేరు లోకేశ్వరి. పోయినేడు శ్రావణంలో వేలూరు ఆసుపత్రిలో పదమూడు రోజులు ఐసీయూలో ఉన్నాను. డాక్టర్లు చేతులెత్తేశారట. తర్వాత ఇంటికొచ్చాను. జుట్టు తిరిగొచ్చింది, ఆకలి తిరిగొచ్చింది, నోరు ఎక్కడికీ పోనే లేదు. రానిదల్లా వేళ్ల కొసల్లో స్పర్శ. ఆ మందులతో అట్లా అవుతుందట, మెల్లగా సర్దుకుంటుందట. కత్తెర పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలిసేది కాదు, కళ్లతో చూసి నమ్మాల్సి వచ్చేది.

కత్తెర దేనికంటే, నాకొక పుస్తకం ఉంది. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టాను. ఏడాదికి ఒక పేజీ. ఆ ఏడు చేతికొచ్చిన కాగితాలు కత్తిరించి అంటిస్తాను. పెళ్లిపత్రికల మీది వినాయకులు, బస్సు టిక్కెట్లు, మామిడిపళ్ల పెట్టెల మీది బొమ్మలు, కాణిపాకం కుంకుమ పొట్లాలు. దీన్ని ఇప్పుడు స్క్రాప్‌బుక్ అంటారట. మా ఆయన కుప్పయ్య అతుకుల పుస్తకం అంటాడు. మా తోడికోడలు చంద్రకాంతమ్మ అయితే, "పిల్లల్లేరు గదా, పాపం, ఏదో ఒకటి సేసుకోవాల" అంటుంది.

ఇరవై నాలుగు పేజీలు నిండాయి. ఇరవై ఐదోది, జబ్బు చేసిన ఏటిది, ఖాళీగా ఉంది. అది నింపకుండా ఇరవై ఆరో పేజీకి పోవడం నావల్ల కాదు. పోకపోతే పుస్తకం అక్కడే ఆగిపోతుంది. అక్కడ ఆగిపోతే నేనింకా ఆ ఆసుపత్రి మంచం దిగనట్టే అని నాకు గట్టిగా అనిపించేది. ఆ పేజీలో ఏం అంటించాలో మాత్రం తెలియలేదు. ఆ ఏడు నా చేతికొచ్చిన కాగితాలన్నీ రక్తపరీక్షల రిపోర్టులే.

అందుకని ముందు చేతికి అలవాటు చేద్దామని, పొద్దున కాఫీ తాగాక పది నిమిషాలు పాత క్యాలెండరు గళ్లు కత్తిరించేదాన్ని. మొదటి వారం అన్నీ వంకరే. తర్వాత గీతలు దారికొచ్చాయి. నెల రోజులకు ఒక వినాయకుడు రెండు చెవులతోనూ బయటపడ్డాడు. ఆ రోజు నేను పడ్డ సంతోషం ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితం ఇచ్చిన రోజు కూడా పడలేదు.

అది చంద్రకాంతమ్మ కంట్లో పడింది. "కాయితాలు కత్తిరిస్తే మనసు తేలికైతాదంట లోకా, ఫోన్లో సూసినా" అని వీధంతా చెప్పి వచ్చింది. మరుసటి రోజు నుంచి ఇంటికి కాగితాలు రావడం మొదలైంది. పదో తరగతి గైడ్లు, పాత జాతకాలు, ఎన్నికల కరపత్రాలు, ఒకావిడ అయితే వాళ్లాయన ఆఫీసు ఫైళ్లు. నా మనసు తేలికయిందో లేదో గాని వాళ్ల బీరువాలు మాత్రం బాగా తేలికయ్యాయి.

ఇక మా బావగారు దిగారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మా వంశంలో పుట్టువెంట్రుకల దగ్గర్నుంచి కర్మక్రియల దాకా ఏ కార్యమైనా పత్రికలు, షామియానా, వంటవాళ్లు, ఫ్లెక్సీ, అన్నీ ఆయనే. ఏ కార్యమూ ఒక్క గంట ఆలస్యం కానివ్వలేదని ఆయనకు గొప్ప పేరు. మా ఆయన ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. బెల్లం మండీలో గుమాస్తా. అన్న ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేసి, ఎందుకు పెట్టాడో తర్వాత నన్నడిగి తెలుసుకునే మనిషి.

"అమ్మా లోకా, ఆదివారం కల్యాణమండపంలో నీకు సన్మానం. 'మనోధైర్య మహిళ' అని బిరుదు. నీ ఇరవై ఐదో పేజీని నేనే ఆవిష్కరిస్తాను" అన్నారు బావగారు, కుర్చీలో కూర్చుంటూనే.

"పేజీ ఇంకా ఖాళీగా ఉండాది బావా."

"ఆదివారం లోపల నింపు. ఫ్లెక్సీకి ఆర్డరిచ్చేసినా. కాయితాలు సాలకుంటే సెప్పు, సంతపేట నవాబు ప్రెస్సు నుంచి మంచి అట్ట ముక్కలు పంపిస్తాను."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడగడియారం వైపు చూశాడు.

మంగళవారం నవాబన్న ప్రెస్సు నుంచి గోనెసంచీ వచ్చింది. పెళ్లిపత్రికలు కోయగా మిగిలిన అంచులు, జరీ గీతలు, ఏనుగులు, నెమళ్లు. నిజం చెప్పాలంటే బావగారి మీద కోపం సగం తగ్గింది. ఒక్కో ముక్కే తీసి రంగుల వారీగా సర్దుకుంటూ అడుగుకు వచ్చాను. అడుగున ఒక మడతబెట్టిన కార్డు ఉంది. విప్పితే లోపల నేనే ఉన్నాను.

మా చెల్లెలి కూతురి పెళ్లిలో తీసిన ఫోటో. పక్కనున్నవాళ్లను కత్తిరించి నన్నొక్కదాన్నే మిగిల్చారు. కింద పెద్దక్షరాలు. 'పుణ్యస్త్రీ, మితభాషిణి, సహనశీలి శ్రీమతి లోకేశ్వరి గారి ఉత్తరక్రియలు.' తేదీ దగ్గర ఖాళీ గీత. పైన మూలన చిన్న అక్షరాల్లో 'ఆర్డరు: కృష్ణమూర్తి' అని, పోయినేటి శ్రావణమాసపు తారీఖు.

కర్మక్రియల పత్రికను మా వైపు గడప దాటనివ్వరు. బయటే చదివి, చింపి పారేసి లోపలికి వస్తారు. ఎవరి పత్రిక వాళ్ల ఇంట్లోకే వస్తే ఏం చెయ్యాలో పెద్దలు చెప్పలేదు. నేను దాన్ని పట్టుకుని గడప దగ్గర లోపలికీ బయటికీ కాకుండా నిలబడ్డాను.

అది బావగారి పని అని తెలియగానే నాకు నవ్వొచ్చింది. ఆయన అంతే, చావు కూడా టైముకు రావాలంటారు. నవ్వు ఆగిపోయింది కింద ఎర్రసిరాతో దిద్దింది చూశాక. 'భోజనాలు 12.30 ఆలస్యం. 11.30 చెయ్యాల.' అది మా ఆయన రాత. గుండ్రంగా, పిల్లల కాపీ పుస్తకంలో ఉన్నట్టు ఉంటుంది, వెయ్యిమందిలో గుర్తుపడతాను.

నేను అక్కడ గొట్టాలు పెట్టించుకుని పడుకుని ఉంటే, ఈయన ఇక్కడ కూర్చుని నా కర్మకు భోజనాల టైము దిద్దాడు. అన్న చేసింది నాకు పట్టింపు లేదు. ఈయన కూడా నన్ను సాగనంపేశాడా అన్నదే పట్టుకుంది. బతికొచ్చానన్న సంతోషం ఒక్కసారిగా వట్టిదయిపోయింది. నేను ఎవరి కోసం వచ్చానో ఆయన నాకోసం చూడనే లేదనిపించింది.

రెండు రోజులు కత్తెర ముట్టలేదు. "ఏం లోకా, ఈ పొద్దు కూడా కాయితాలు తియ్యలేదే?" అని అడిగాడు మా ఆయన. "సెయ్యి నొప్పి" అన్నాను. ఆయన్నే అడిగెయ్యొచ్చు. జవాబు ఏం వస్తుందోనని భయం. డాక్టరు జబ్బు పేరు మొదటిసారి చెప్పినప్పుడు కూడా అంత భయపడలేదు.

గురువారం ఆటో ఎక్కి సంతపేట పోయాను. నవాబన్నకు అరవై దాటాయి. ప్రెస్సు ఆయన నాయన కాలం నాటిది. నా చేతిలో కార్డు చూసి కుర్చీలోంచి లేచాడు.

"అది నీ సేతికి ఎట్ల వచ్చింది మా? పాత ప్రూఫులు కోతల్లో కలిసిపోయినట్టుండాది. తప్పు నాదే."

"ఇట్లాంటివి ఇంకా ఉండాయా అన్నా?"

ఆయన లోపలికి పోయి, వెతికి, ఇంకో అయిదు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అన్నిట్లోనూ నేనే, అన్నిట్లోనూ ఎర్రసిరా.

"ముహూర్తాల నెల మా అది. మిషను ఖాళీ ఉండదు. కృష్ణమూర్తన్న వచ్చి, 'డాక్టర్లు మూడు దినాలన్న్యారు నవాబూ, అయిపోయినాక వస్తే నీ దగ్గర కార్డు దొరకదు, తేదీ ఖాళీ పెట్టి ఇప్పుడే వెయ్యి' అన్న్యాడు. పేర్లు తప్పు పోకూడదని ప్రూఫు మీ ఆయనకు సూపించమన్న్యాడు. ప్రూఫు పాసు కాకుండా నేను మిషనెక్కించను. మా నాయన పద్ధతి అది."

"ఆయన వచ్చినాడా?"

"రెండు దినాలకోసారి వేలూరు నుంచి బస్సులో వచ్చేవాడు. ఆ బెంచీ మీద కూర్చోని దిద్దేవాడు. సూడు."

చూశాను. మొదటిదాంట్లో 'మితభాషిణి' కొట్టేసి, 'కాదు. చాలా మాట్లాడుతుంది' అని ఉంది. రెండోది నా చేతిలోదే, భోజనాల టైము. "ఆమె ఆకలికి ఓర్చుకోదు నవాబన్నా, పన్నెండున్నర దాకా పెట్టకపోతే ఎట్ల అన్న్యాడు మా. ఎవరి గురించి మాట్లాడతాండాడో ఆయనకే తెలిసినట్టు లేదు" అన్నాడు నవాబన్న. మూడోదాంట్లో 'ఫోటోలో నవ్వు లేదు. వేరేది తెస్తా'. నాలుగోదాంట్లో 'ఈ నీలం ఆమెకు పడదు'.

"మూడోసారికే నాకు అర్థమయిపోయింది. ఆ మనిషి తప్పుల కోసం ఎతుక్కుంటాండాడు. వాళ్లన్నకు వద్దని సెప్పలేడు, పాసని సంతకం పెట్టలేడు. తప్పు దొరక్కుంటే సెమటలు పడతాండాయి. ఇంక సూడలేక అయిదోసారి నేనే ఒక తప్పు పెట్టి ఇచ్చినా. బంధువుల పేర్లలో ఆయన పేరు నాలుగోది సేసినా. ఆరోసారి పలచని అట్ట మీద తీసినా. నలభై ఏండ్లలో కావాలని తప్పేసింది ఆ రెండుసార్లే మా."

అయిదోదాంట్లో ఎర్రగా ఉంది. 'నా పేరు మొదట రావాల.' పుట్టి బుద్ధెరిగాక మా ఆయన మొదట రావాలని అడిగింది అదొక్కచోటే. ఆరోది చదువుతుంటే నాకు కళ్లు కనపడలేదు. 'అట్ట పలచన. ఆమె పలచ కాయితం ముట్టదు.'

"ఇంకొకటి ఉండాల. ఏడోది కృష్ణమూర్తన్నే వచ్చి నా పక్కన కూర్చోని సేయించినాడు. కుప్పయ్య తీసుకుపోయినాడు, మళ్ల తేలేదు. ఆ మర్నాడే నువ్వు కండ్లు తెరిసినావని తెలిసింది."

ఇంటికి వచ్చి ఆరు ప్రూఫులూ బల్ల మీద పరిచి కత్తెర తీశాను. సాయంత్రం మా ఆయన మండీ నుంచి వచ్చి, గుమ్మంలోనే చూసి, చెప్పులు విప్పడం మర్చిపోయి నిలబడ్డాడు.

"అవి ఇంట్లో ఉండకూడదు లోకా."

"మంచి అట్ట. ఆరోది తప్ప. రండి, ఈ అంచు పట్టుకోండి, నాకు జారిపోతాంది."

ఆయన వచ్చి కూర్చుని పట్టుకున్నాడు. ఎర్రసిరా చుట్టూ గుండ్రంగా కత్తిరించాను. ఆ వంకలు తిరిగేటప్పుడు కత్తెర పిడి చల్లగా తగిలింది. తగిలిందని కాసేపటిగ్గాని నాకు తెలియలేదు. రెండో ప్రూఫును మాత్రం కత్తిరించకుండా నిండుగా పేజీ మధ్యలో పెట్టాను, మూలన బావగారి ఆర్డరుతో సహా. మిగతా అయిదు మాటలూ చుట్టూ అంటించి, వాటికి జరీ అంచు కట్టాను. ఇరవై అయిదేళ్లలో అంత అందమైన పేజీ రాలేదు.

ఆదివారం కల్యాణమండపం నిండింది. భోజనాలున్నాయని ఫ్లెక్సీలో వేయించారు మరి. నాకు శాలువా కప్పారు, దండ వేశారు, ఆపిల్ పండు చేతిలో పెట్టారు. ఎవరో ఒకాయన జబ్బు ఎలా జయించాలో అరగంట చెప్పాడు, ఆయనకు జలుబు కూడా చేసినట్టు లేదు. తర్వాత బావగారు లేచి, "కష్టాల్లో మా కుటుంబం ఎట్ల నిలబడిందో ఈ పేజీ లోకానికి సెప్తాది" అని మైకులో ప్రకటించి, పుస్తకం మీది పట్టుగుడ్డ లాగారు.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకు అంత దూరం నుంచి జరీ అంచు మాత్రమే కనపడుతుంది. బావగారు వంగి చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్లీ చూశారు. మైకు పక్కన పెట్టి తమ్ముడి దగ్గరికి వచ్చారు. ముగ్గురికే వినపడేట్టు మాట్లాడారు.

"ఏందిరా ఇది?"

"నేను దిద్దిన ప్రూఫులన్నా."

"ఈ ఆరింట్లో తప్పులుండాయి, సరే. ఏడోది నేనే దగ్గరుండి సేయించినా గదా. అది బస్సులో మర్చిపోయినానంటివే. దాంట్లో ఏం తప్పుండాది?"

"దాంట్లో ఏం తప్పు లేదన్నా. శానా బాగా వచ్చింది." మా ఆయన తలెత్తి వాళ్లన్న మొహంలోకి చూశాడు. "అందుకే పాలారు బ్రిడ్జి మీద కిటికీలోంచి ఏట్లో పారేసినా."

బావగారు మెల్లగా పోయి తన కుర్చీలో కూర్చున్నారు. ఎవరో నా చేతికి మైకిచ్చి, మనోధైర్య మహిళ ఇప్పుడు నాలుగు మాటలు చెబుతుందన్నారు. నేను మైకు పక్కన పెట్టేశాను. అంతమంది ముందు మా ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అదీ కార్యక్రమంలో ఉందనుకుని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.