లెక్కకొచ్చిన గెడ్డ

గోపాలపట్నంలో కుళాయి పొద్దున్న ఆరింటికొస్తుంది. తాయారు బిందెలు పడుతుంది, కూతురు చంద్రిక నిద్రమొహంతో లోపలికి మోస్తుంది. పదిహేను రోజులుగా నీళ్ళతోపాటు చేపలూ వస్తున్నాయి. తాయారు కుళాయి మూతికి గుడ్డ కట్టి చూసింది. అయినా వచ్చాయి. తమకు ఒట్టి నీళ్ళే వస్తున్నాయని పక్కింటివాళ్ళకు కుళ్ళు.

"ఈయేల పదకొండు పరిగెలు. టబ్బు నిండిపోనాది. బట్టలెందులో నానెట్టాలే?" అంది తాయారు.

ఆ పరిగెలెక్కడివో చంద్రికకు తెలుసు. పరవాడ దారిలో పారే వాగు, ఆ గెడ్డ మీదే ఆమె పీహెచ్‌డీ. ఎనిమిది చోట్ల నెలనెలా వల వేసి చేపలు లెక్కపెట్టాలి, గట్టున ఎన్ని మళ్ళు పోయి ఎన్ని ప్లాట్లు వచ్చాయో రాసుకోవాలి. మే నెలలో ఏడో చోటుకి ఎండకు బద్ధకించి పోలేదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని సున్నా రాసేసింది. ఒక్క సున్నాయే కదా అనుకుంది మహాతల్లి! గైడు సంతకంతో ఆఫీసుకెళ్ళిన ఆ సున్నా చూపించి లేఅవుటు వాళ్ళు అది గెడ్డే కాదు, ఎండిపోయిన కాలవని కాగితం పుట్టించారు. సోమవారం మట్టి లారీలొస్తాయి. అక్కడ నెలనెలా ఆమెతో కలిసి వల పట్టే రైతు తవిటయ్యది ఆ నీటి మీదే బతికే మడి, అదిక బీడే. పరిగెల్ని చూసినప్పుడల్లా చంద్రికకు ముద్ద దిగడం లేదు.

ఆ శుక్రవారం బకెట్టు నిండా చేపలతో గైడు భీమశంకరరావు ఇంటికెళ్ళింది.

"సార్, ఏడో చోటుకి నేను వెళ్ళలేదు. ఆ సున్నా అబద్ధం."

ఆయన బకెట్లోకి చూసి తల దించుకున్నాడు. "సంతకం పెట్టేటప్పుడే అనుమానమొచ్చిందమ్మా. వారం నుంచి మా కుళాయిలోనూ ఇవే. మా ఆవిడ పులుసు పెడుతోంది, నేను తినేస్తున్నాను."

"తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. మీరూ సంతకం పెట్టండి."

"బుధవారం నీ వైవా. ఇదిస్తే అది పోతుంది. మళ్ళీ ఎప్పటికో."

"పోనీండి సార్."

పెట్టాడు. చంద్రిక దాన్ని తహసీల్దారు ఆఫీసులో ఇచ్చింది. మళ్ళీ లెక్క తేలేదాకా లారీలు ఆపమన్నారు.

అక్కణ్ణుంచి తిన్నగా ఏడో చోటుకెళ్ళి బకెట్టు గెడ్డలో వంచింది. గట్టు మీద తవిటయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏటమ్మా, మా సేపలు మాకే తెచ్చీసినావేటి?"

"తాతా, మే నెలలో నాను రాలేదు. వచ్చినట్టు రాసీసినాను. నీ మడి నా మూలానే పోబోయింది." ఆమెకు ఏడుపొచ్చేసింది.

"నువ్వు రానేదని నాకు తెల్సు కదమ్మా. ఈ వల పట్టుకుని పొద్దుగూకేదాకా ఇక్కడే కూకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేటి?"

"సదువుకున్నదానివి. ఏదో పెద్ద పనే పడుంటాదనుకున్నాను."

ఫ్యాను సంగతి చెప్పడానికి చంద్రికకు నోరు రాలేదు. చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి, వల రెండో కొస పట్టుకుంది.