సోమవారం ఓడ

ఓడ సోమవారం మధ్యాహ్నం. నేను గురువారం తెల్లవారేసరికే విశాఖపట్నం రేవు గేటు ముందున్నాను. రాత్రంతా పాసింజరు బండిలో తలుపు దగ్గర కూర్చుని వచ్చాను. గేటు కాపలావాడు నా మూట చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఏ ఓడకి?"

"అండమాను ఓడకండి."

"అది సోమారం గదా."

"అవునండి."

"మరివాల్టినుంచే నిలబడతావేటి? ఓడ నీ మీద బెంగెట్టుకుందని ఎవులైనా సెప్పినారా?"

పక్కన బస్తాల మీద కూర్చున్న కళాసీలు నవ్వారు. ఎందుకు ముందు వచ్చానో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. అది గేటు దగ్గర చెప్పేది కాదు.

మా అమ్మ దేముడమ్మ. మా ఊరు గిరిసోల స్టేషనుకి కోసు దూరం. యుద్ధానికి ముందు మా నాన్న గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం, అంటే రంగూను, వెళ్లాడు. బయల్దేరిన రోజు వీధి చివరిదాకా పోయి, చుట్టల కట్ట మరిచిపోయానని వెనక్కి తిరిగి, ఇంట్లోకి వచ్చి తీసుకుపోయాడట. తర్వాత రంగం మీద బాంబులు పడ్డాయి. అక్కడినుంచి అడవుల్లో పడి నడిచి వచ్చినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో పదిమంది దాకా ఉన్నారు. వాళ్లలో మా నాన్న లేడు. ఆయన్ని బాంబులు తీసుకుపోయాయని ఊరు అనుకుంది. చుట్టల కట్ట తీసుకుపోయిందని మా అమ్మ అనుకుంది.

నేను అండమాను అడవుల్లో కలప పనికి ఒప్పుకున్నది అరవై మూడులోనో, నాలుగులోనో. రెండేళ్లు వరసగా పంట పోయింది. దిగపహండి నుంచి సూరన్న మేస్త్రీ వచ్చి మనుషుల్ని ఏరుకున్నాడు. "సోమారం పొద్దున్న రేవులో పేరు పిలిస్తే పలకాల. పలకనోడి జాగాలో ఇంకోడెక్కుతాడు. మళ్లీ నా కాడికి రావద్దు" అన్నాడు. మా ఊరి నుంచి నన్నొక్కణ్నే తీసుకున్నాడు.

అమ్మ బరంపురం వెళ్లి పంతులుగారి చేత పంచాంగం చూపించింది. బుధవారం సాయంత్రం మంచి గడియ ఉంది. అది దాటితే మళ్లీ పై బుధవారం దాకా లేదు. అందుకని ప్రస్థానం పెట్టుకోమన్నాడాయన. అంటే మంచి గడియలో మూటతో గడప దాటేసి వేరేచోట ఉండాలి. తర్వాత ఎప్పుడు బయల్దేరినా ఆ గడియే లెక్కకి వస్తుంది. కానీ ప్రయాణం పూర్తయ్యేదాకా మళ్లీ ఆ గడప లోపల కాలు పెట్టకూడదు. పెడితే ప్రస్థానం చెడుతుంది.

అందరూ ఎదురింటి అరుగు మీదే ప్రస్థానం పెడతారు. మా ఎదురిల్లు మా బావమరిది అసిరయ్యది. నా భార్య బుల్లమ్మకి అన్న. నాలుగు రోజులు వాళ్ల అరుగు మీద పడుకుంటానన్నాను.

"వద్దు. ఎదుట్నుంటే కాలాగదు. రేవుకి పో. ఆడ కూకో" అంది అమ్మ.

బుల్లమ్మకి అప్పుడు ఎనిమిదో నెల. గడప లోపల నిలబడి మూట అందించింది.

"అటుకులున్నాయి. బెల్లం ఏరే కట్టినాను" అంది. తర్వాత అమ్మకి వినపడేటట్టే, "మీయమ్మ నిన్ను ఓడ కంటే ముందే సముద్రంలోకి తోసేసేలాగుంది" అంది.

అమ్మ కూడా నవ్వింది. అలా బయల్దేరాను.

గురువారమంతా రేవు బయట రేకుల షెడ్డు కింద కూర్చున్నాను. అంత ఖాళీగా నేనెప్పుడూ కూర్చోలేదు. చెయ్యడానికి పని లేదు. మాట్లాడడానికి మనిషి లేడు, ఉన్నా కొత్తవాళ్లతో నాకు మాటలు రావు. మా ఓడ ఇంకా రాలేదు. వేరే ఓడకి బొగ్గు ఎక్కిస్తుంటే చూశాను.

శుక్రవారం పొద్దున్నే అసిరయ్య వచ్చాడు. షెడ్డులో నన్ను వెతికి పట్టుకుని ఎదురుగా కూలబడ్డాడు. కాళ్లకి చెప్పుల్లేవు.

"నిన్న మద్దేన్నం నుంచి నొప్పులు బావా" అన్నాడు.

"నెల ఉంది గదా."

"నెలుంటే ఏటి, వచ్చేసినాయి. బిడ్డ అడ్డంగా ఉందంటంది కాసమ్మ."

కాసమ్మ మా ఊరి మంత్రసాని. మా అమ్మకి నా పురుడు పోసింది కూడా ఆవిడే.

"తిప్పలేదా?"

"తిప్పుతంది. తిరగట్లేదు. బరంపురం ఆస్పత్రికి ఎత్తుకెల్దారంటే మీయమ్మ, మొగుడు లేకుండా ఎలాగంటంది. నువ్వు రా. రేపు తెల్లారికి మనూల్లో ఉంతాం. ఎల్లుండి సాయంత్రం బండెక్కితే సోమారం పొద్దున్న మళ్లీ ఈడే. నీకు రోజులున్నాయి బావా."

అది నిజం. ముందు వచ్చినందుకు రోజులు మిగిలాయి. నేను మూట తీసుకుని లేచాను.

తిరుగు బండి సాయంత్రం. అందాకా ఇద్దరం స్టేషన్లో కూర్చున్నాం. నా మూటలో అటుకులు తీసి పెడితే అసిరయ్య తినలేదు. చాలాసేపటికి ఒక మాట అడిగాడు.

"ఇంట్లోకి వస్తావా?"

నేను పట్టాల వైపు చూశాను.

"నిన్నే, బావా. ఇంట్లోకి వస్తావా రావా?"

"ముందెల్దాం పద" అన్నాను.

బండిలో దాని గురించే ఆలోచించాను. గడప దాటడానికీ ఓడకీ సంబంధం లేదని ఒకసారి అనిపించేది. అంతలో చుట్టల కట్ట గుర్తొచ్చేది. బుల్లమ్మని బయటికి తెస్తారు, బండి మీద పడుకోబెడతారు, నేను బండిలో కూర్చుని ఆస్పత్రికి తీసుకెళ్తాను, గడప దాటే పని ఉండదు, అని సర్దుకున్నాను.

శనివారం పొద్దు పొడిచేసరికి ఊళ్లో ఉన్నాం. అసిరయ్య ఎద్దుల్ని కట్టడానికి పోయాడు. నేను మా వాకిట్లోకి వెళ్లాను. అమ్మ గడప మీద కూర్చుని ఉంది. గడప మీద కూర్చోకూడదని చిన్నప్పటినుంచి మమ్మల్ని కసిరిన మనిషి, ఆ రోజు రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి కూర్చుంది.

"ఆడే ఉండు నాయినా. లోనకి రావద్దు" అంది.

"ఎలాగుందే?"

"ఉంది. కాసమ్మ సూస్తంది."

కాసమ్మ లోపల్నుంచి వచ్చి అమ్మ భుజం మీంచి తొంగి చూసింది. మోచేతుల దాకా నూనె. "సూడ్డానికేటీ నేదు. బిడ్డ కదలట్లేదు. ఆస్పత్రికెల్లాల. మంచం ఈ సందులోంచి తిరగదు. సేతుల మీద ఎత్తాల. నేను ముసిల్దాన్ని, మీయమ్మకి సత్తువ నేదు. నువ్వొచ్చి ఎత్తు" అంది.

"అసిరయ్య ఎత్తుతాడు" అంది అమ్మ.

ఎద్దుల్ని తోలుకొచ్చిన అసిరయ్య విన్నాడు. "పురిటి గదిలోకి నేనెలాగొస్తానత్తా? ఎలాగున్నాదో ఏటో. మొగుడుండగా నేను ముడతానా" అన్నాడు.

ఆ మాటా సబబే. మాలో పురిటి గదిలోకి మగవాళ్లు పోరు. తప్పనిసరైతే మొగుడు పోతాడు.

అందరూ నా వైపు చూశారు. వాకిలికీ గడపకీ నాలుగడుగులు. అమ్మ లేవలేదు. నేను వెళ్లాలంటే ఆవిణ్ని పక్కకి జరపాలి, లేకపోతే దాటాలి.

"మీ నాన్న కూడా ఒక్క అడుగే ఏసినాడు" అంది అమ్మ. గట్టిగా అనలేదు.

లోపల్నుంచి బుల్లమ్మ గొంతు వినిపించింది. "ఎవులొచ్చినారు?"

"నేనే" అన్నాను.

"వచ్చినావా. లోనకి రా."

నేను పలకలేదు.

"ఎక్కడున్నావు?"

"ఈడే. వాకిట్లో."

తర్వాత నొప్పి వచ్చినట్టుంది, మాట ఆగిపోయింది. అది తగ్గేదాకా కాసమ్మ లోపలే ఉంది. మళ్లీ వచ్చి, "ఏటి, నిలబడే ఉన్నావా?" అని నన్నడిగింది. మళ్లీ లోపలికి పోయింది. అలా మూడుసార్లు జరిగింది. ఎండ ముందు చూరు మీద పడింది, తర్వాత గోడ దిగింది, తర్వాత నా పాదాల మీదికి వచ్చింది. ఎద్దులు నిలబడే నెమరువేశాయి. ఎదురింట్లోంచి అసిరయ్య భార్య అమ్మడు వచ్చి చూసి, కొంగు నోట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. అడుగు వేద్దామని నేను రెండుసార్లు అనుకున్నాను. అనుకున్న సంగతి ఎవరికీ తెలీదు.

అప్పుడు బుల్లమ్మ పిలిచింది. నన్ను కాదు.

"అన్నా. నువ్వే రా. ఆయనకి ఓడుంది."

ఆ మాటలో కోపం ఉందా అని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు. ఉన్న విషయం చెప్పినట్టే చెప్పింది.

అసిరయ్య పైగుడ్డ తీసి కళ్లకి కట్టుకున్నాడు, చెల్లెల్ని అలా చూడకూడదని. అమ్మ పక్కకి జరిగింది. కాసమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. వాళ్లు బయటికి వచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది. కళ్లు కనపడని మనిషి, బరువు, ఇరుకు సందు. మలుపులో బుల్లమ్మ కాలు గోడకి తగిలింది. గడప ఇవతలికి రాగానే నేను అందుకున్నాను. బయట అందుకోవచ్చు.

బండిలో ఆమె తల నా తొడ మీద పెట్టుకున్నాను. కాసమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. అసిరయ్య తోలాడు. బరంపురం రోడ్డెక్కాక ఎండ ముదిరింది. బుల్లమ్మ నీళ్లడిగితే తడిగుడ్డ పెదవుల మీద పిండాను.

"సోమారమేనా ఓడ?" అంది.

"ఊఁ."

"అటుకులు తిన్నావా?"

"తిన్నాను."

ఆ తర్వాత మాట్లాడలేదు. గొలంతరా దాటాక కాసమ్మ నా వైపు చూసి, బుల్లమ్మ చీర కొంగు లాగి ముఖం మీద వేసింది. అసిరయ్య వెనక్కి తిరిగి చూడలేదు. బండి కాసేపు అలాగే పోయింది. తర్వాత రోడ్డు పక్క తాడిచెట్ల దగ్గర ఆపి, ఎద్దుల్ని మెల్లగా వెనక్కి తిప్పాడు. సైకిలు మీద పోయే ఒడియా ఆయన దిగి ఏమైందని అడిగాడు. బండిలోకి చూసి, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

బయట పోయినవాళ్లని ఇంట్లోకి తేకూడదు. తిన్నగా ఊరవతల పారే గెడ్డ పక్కకి తీసుకెళ్లాం. కడుపుతో పోయినవాళ్లని అలాగే కాల్చకూడదు, బిడ్డని వేరే చెయ్యాలి గనక అందరం దూరంగా ఉంటే కాసమ్మ ఆ పని చేసింది. మగబిడ్డ అని చెప్పింది. బిడ్డని పాతిపెట్టాం. చీకటి పడకముందే తలకొరివి పెట్టాను.

ఆ రాత్రి గెడ్డ గట్టునే పడుకున్నాను. ఆదివారం పొద్దున్న అమ్మ ఆకులో అన్నం తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ ముఖం ఒక్క రోజులో వేరే మనిషి ముఖమైపోయింది.

"మూడోరోజు నేను సూసుకుంతాను. పాసింజరు సాయంత్రమే" అంది.

తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను.

అసిరయ్య మూట తెచ్చి నాకు కాస్త దూరంలో పెట్టాడు.

"ఎల్తావా బావా?" అన్నాడు.

నాతో అతను మాట్లాడిన ఆఖరి మాట అది. నేను తిరిగొచ్చాక ముప్పై ఏళ్లు ఎదురుబొదురు ఇళ్లలో బతికాం.

వెళ్లకూడదనే ఉంది నాకు. గట్టు మీద కూర్చుని చాలాసేపు లెక్క చూసుకున్నాను. వెళ్లకపోతే, ఎండ పాదాల మీదికి వచ్చేదాకా వాకిట్లో నిలబడ్డది దేనికి? ఆ అడుగు వెయ్యనిది దేనికి? ఇంట్లో కూర్చునేవాణ్నే అయితే నిన్ననే లోపలికి పోయి ఎత్తుకుని ఉండొచ్చు కదా. వెళ్తే దానికి ఒక కారణమైనా ఉంటుంది. మూట తీసుకున్నాను.

సోమవారం పొద్దున్న రేవులో వరస కట్టారు. సూరన్న మేస్త్రీ నన్ను చూసి, "గురువారం నుంచి ఉన్నావంట, కాపలావోడు సెప్పినాడు. మద్దిలో ఎటు పోనావు? భయమేసి పారిపోనావనుకున్నాం" అన్నాడు.

"ఇంటికెల్లొచ్చాను."

"పెల్లాం మీద బెంగా?" అన్నాడు. వరసలో వాళ్లు నవ్వారు.

డాక్టరు నా కనురెప్పలు లాగి చూశాడు. నాలుక చూశాడు. జ్వరం లేదని రాశాడు. తర్వాత బల్ల దగ్గర గుమాస్తా పేరడిగాడు. తవిటయ్య అన్నాను. ఊరు చెప్పాను.

"పెళ్లయిందా?"

"అయిందండి."

"పిల్లలు?"

"లేరు."

"నీకేదైనా అయితే ఎవరికి తెలియజెయ్యాలి? భార్య పేరు చెప్పు."

వెనకాల చాలామంది ఉన్నారు. గుమాస్తా కలం సిరాలో ముంచి ఎదురుచూస్తున్నాడు.

"బుల్లమ్మ" అన్నాను.

రాసుకున్నాడు. నా వేలికి సిరా పూసి ఆ పేరు పక్కన నొక్కించాడు. నా వెనకాలవాణ్ని పిలిచాడు.