మూడో పాటలో టైరీ

మళ్ళీ తలుపు తెరుచుకుంది, చేతులు కనిపిస్తున్నాయో లేదో చూడాలి, ముప్పై ఏళ్ళుగా ఎవరొచ్చినా నేను ముందు చూసేది చేతులే, లాస్ ఏంజిల్స్ పక్క కాంప్టన్‌లోని ఈ రికార్డుల షాపులో పట్టపగలు నా మొదటి ర్యాప్ ఆల్బమ్ మీద సంతకాలు పెడుతున్నాను అంతే, మళ్ళీ విడుదల చేశారు, వరసలో ఉన్న బట్టతల ట్రక్కు డ్రైవరు నన్ను చూసి, ఓడెల్ అన్నా, మూడో పాట నాకు నోటికొచ్చు అని అందుకున్నాడు, టైరీ మోకాళ్ళ మీద పడి చంపొద్దురా, నీ కాళ్ళు పట్టుకుంటానురా అని ఏడ్చే చోటు, వెనకవాళ్ళు కూడా గొంతు కలిపి ఏడ్చినట్టు చేసి నవ్వుతున్నారు, నేనూ నవ్వాలి, పాటలో కాల్చినవాణ్ణి నేనే కదా, కాల్చలేదని తెలిస్తే అప్పట్లో ఎవడు వినేవాడు, కాల్చానని నమ్మి టైరీ మనుషులు వస్తారేమోనని నాలుగు ఊళ్ళు మారాను, కిటికీ పక్కన కూర్చుని భోంచెయ్యడం మానేశాను, ఇద్దరు భార్యలు నీ భయంతో కాపురం మావల్ల కాదని వెళ్ళిపోయారు.

చర్చికి పెట్టుకెళ్ళే ఊదారంగు టోపీ, దాని కింద మిస్ ఎర్నస్టీన్, టైరీ తల్లి, చిన్నప్పుడు ఆవిడ వంటింట్లో నేనూ టైరీ తిన్న మొక్కజొన్న రొట్టె, ఆవిడ చెయ్యి సంచిలోకి వెళుతోంది, కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది, ముసలాడివైపోయావురా ఓడెల్ అంది, అవునమ్మా అన్నాను, కాల్చింది నువ్వు కాదని నాకు తెలుసులే, ఆ కాల్చినవాడు జైల్లోనే పోయాడు, నా మనవలు కూడా ఆ పాట పాడి నవ్వుతారు, నేను పోయేలోగా ఒక్కటి చెప్పు, నా బిడ్డ నిజంగా అట్లా ఏడ్చాడా.

ఆ రాత్రి ఆగి ఉన్న కారు కింద దాక్కుని నేను, మెడ మీద నూనె చుక్కలు, రెండోవాడేడిరా అని తుపాకులతో వచ్చినవాళ్ళు, టైరీ నా కళ్ళలోకి చూశాడు, చూపు తిప్పుకున్నాడు, ఎవడూ లేడు, నేనొక్కణ్ణే వచ్చాను అన్నాడు, గొంతు వణకలేదు, ఆ తర్వాత చప్పుడు, నేను పిడికిలి నోట్లో కుక్కుకుని చంపొద్దు చంపొద్దు అని, లేదమ్మా, వాడు ఏడవలేదు, నన్ను చూసి కూడా వాళ్ళకి చూపించలేదు, ఆ మాటలు నావి అన్నాను, వరసంతా విన్నది, ట్రక్కు డ్రైవరు తల దించుకున్నాడు, ఊరు ఊరంతా ముప్పై ఏళ్ళుగా పాడి పాడి నవ్వుతున్నది నా ఏడుపునే.