జడ వేసుకోనివ్వని ఫోటో

"ఇక్కణ్ణుంచి అక్కడికి ఇంతా? ఓ పది తగ్గించుకో అమ్మాయ్," అంది వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ. టాక్సీ ఇంకా కదలనే లేదు.

"పెట్రోలు బంకువాడు నా మేనమామ కాదండీ, తగ్గించి పొయ్యడానికి," అన్నాను.

బేరమాడేవాళ్లంటే నాకు కోపం లేదు. కూరల కొట్టు దగ్గర నేనూ అంతే. ఇద్దరూ సమానమైతేనే బేరం కుదురుతుంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆవిడ ఫోను తీసింది.

"వారం వారం ఈ విరాళాల వెబ్‌సైటులో పది వేస్తానమ్మా. తలా పది వేస్తే చాలు, కాలు లేనివాళ్లకి కాలొస్తుంది. ఇదిగో చూడు, ఎలా ఏడుస్తోందో పాపం!" అంటూ సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపింది.

చూశాను. ఫోనులో ఉన్నది నేను.

ఆస్పత్రి మంచం, పిచ్చుకగూడులాంటి జుట్టు, చెంపల మీద నీళ్లు. కింద 'ఈమెను నిలబెట్టండి' అని రాసి ఉంది. నేను నిలబడి ఐదేళ్లయింది. లారీ కింద పోయిన ఎడమ కాలికి ఒక సేవాసంస్థ కొత్త కాలు పెట్టించింది. టాక్సీలో క్లచ్చు తొక్కేది ఆ కాలే. ఫోటో తీసిన రోజు, జడ వేసుకుంటానంటే సంస్థవాళ్లు వద్దన్నారు, ఇలాగే బాగుందన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. దాన్నే తీశారు.

పెద్దావిడ నా ముఖంలోకి చూసింది. "లైటు పడింది, పోనీ," అంది.

గుర్తుపట్టలేదు. దిగేటప్పుడు పది తగ్గించే ఇచ్చింది. నా దగ్గర మిగుల్చుకున్న పదే నాకు దానం చేసిందన్నమాట. నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. బండి నేరుగా ఆ సంస్థ ఆఫీసుకి తిప్పాను.

సంస్థ నడిపే మేడమ్ మంచిదే. నా మొదటి అడుగు ఆవిడ భుజం పట్టుకునే వేశాను. ఆ రుణం కాదనను. అయినా కుర్చీ చూపించేలోపే చెప్పేశాను.

"ఆ ఫోటో తీసెయ్యండి."

"తీసేస్తే ఎలాగమ్మా? ఆ వెబ్‌సైటులో వందల ముఖాలుంటాయి. ఏడ్చే ముఖం దగ్గరే జనం వేలు ఆగుతుంది. నీది తీస్తే వచ్చేది సగానికి పడిపోతుంది. ఆ సగంలో ఎవరి కాలుందో నువ్వే చెప్పు," అంది మేడమ్, గుమ్మం పక్క బెంచీ వైపు చూస్తూ. బెంచీ మీద ఒక తాపీ మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ప్యాంటు ఒక కాలు మోకాలి దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉంది.

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. నా పౌరుషం అతని కాలు మింగేస్తుందా అని నిజంగానే భయమేసింది.

"నాదే ఉందిలెండి అందులో," అన్నాడు మేస్త్రి. "అయినా తీసెయ్యండి మేడమ్. లేకపోతే రేపు ఆ ఏడుపు వంతు నాకొస్తుంది. ఇంట్లో మా ఆవిడ ముందే ఏడవలేదు, ఊరందరి ముందూ ఏడుస్తానా?"

అంతే, నాకు ధైర్యమొచ్చింది. "మీరిచ్చిన కాలికి దణ్ణం పెడతాను మేడమ్. ముఖం మాత్రం మీరిచ్చింది కాదు. నాది నాకిచ్చెయ్యండి," అన్నాను.

వెళ్లి మేస్త్రి పక్కన కూర్చున్నాను. కిరాయిలు పోతే పోయాయి, తీసేదాకా లేవదలచుకోలేదు. సాయంత్రానికి మేడమ్ నిట్టూర్చి, "సరే, కొత్తది ఇవ్వు," అంది.

బండి అద్దంలో చూసుకుంటూ తీరిగ్గా జడ వేసుకున్నాను. స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే మేస్త్రి ఫోటో తీశాడు. గోడలు కట్టే మనిషి, ఫోటో మాత్రం వంకరగా తీశాడు! దాని కింద నేనే రాయించాను: 'ఈమె నిలబడింది. తర్వాతి మనిషి ఎదురుచూస్తున్నాడు.'

మేడమ్ అన్నంతా అయింది. విరాళాలు తగ్గాయి, మేస్త్రి కాలు వెనకబడింది. కొలతలకి నా బండిలోనే వస్తాడు. కిరాయి వద్దంటే ఎక్కనంటాడు. ఇచ్చి తీరతాడు, నేనూ తీసుకుంటాను.

ఆ వంకర ఫోటో ఒకటి నా సీటు వెనక అతికించాను. మొన్న ఆ పెద్దావిడే మళ్లీ ఎక్కింది. వెబ్‌సైటులో ఏడుపు ఫోటో బదులు ఇప్పుడుండేది అదే. కళ్లజోడు పెట్టుకుని ఫోటో చూసింది, అద్దంలో నన్ను చూసింది.

"నువ్వా?"

"నేనే."

"అయ్యో! ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే ఏం చేసేవారు?"

"నీ దగ్గర బేరమాడేదాన్నా!"

"అందుకేనండీ చెప్పలేదు."

దిగేటప్పుడు పర్సు తీసి, కిరాయికి రెట్టింపు నా చేతిలో పెట్టబోయింది. నా కిరాయి తీసుకుని మిగతాది వెనక్కిచ్చాను.

"ఇది అక్కడ వెయ్యండి, మేస్త్రి కాలి కోసం. నా దగ్గర మాత్రం బేరమే ఆడండి."

ఆవిడ డబ్బు పర్సులో పెట్టుకుంది. తర్వాత మొహమాటంగా, "అయితే... ఓ పది తగ్గించుకో," అంది.

"తగ్గించను," అన్నాను.